7,999కి వచ్చే ఆన్‌లైన్ గేరు సైకిలా, భీమవరం షాపులో 13,500 సైకిలా?

అండీ, మీ ప్రశ్న చదివాను. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి మౌంటెన్ బైక్ కావాలంటున్నాడు. ఆన్‌లైన్ సేల్‌లో డబుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా స్ప్రింగులు), రెండు డిస్కు బ్రేకులు, 21 గేర్లు ఉన్నది 7,999కే వస్తోంది. భీమవరంలో సైకిల్ షాపాయన ముందు ఫోర్కుకి (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే భాగానికి) మాత్రమే సస్పెన్షన్ ఉన్నదానికి 13,500 చెప్పాడు. పాలకొల్లు నుంచి అంత దూరం వెళ్ళి అయిదున్నర వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలన్నది మీ సందేహం.

షాపులోదే తీసుకోండి. కాకపోతే ఆ షాపులో సైకిల్ బిగించే మనిషి ఎవరో చూసుకుని మరీ తీసుకోండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇదే లెక్క వేసుకుని నేను 2021లో చవకది కొన్నాను. మా పాప దాని మీంచి పడింది.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పాప అప్పుడు ఎనిమిదో తరగతి. స్కూలు నాలుగు కిలోమీటర్లు, అందులో సగం కాలవ గట్టే. ఆ దసరాకి బట్టలకని రాజమండ్రిలో ఒక పెద్ద డిస్కౌంట్ స్టోర్‌కి వెళ్ళాం. ప్లాస్టిక్ కుర్చీల పక్కన గేరు సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. 6,800. పాప కళ్ళు దాని మీంచి తిప్పలేదు, నేనూ ధర చూసి ఆగలేకపోయాను. అక్కడి కుర్రాడు అట్టపెట్టెలోంచి మరో సైకిల్ తీసి, పావుగంటలో హ్యాండిలు, సీటు, పెడల్స్ బిగించి ఇచ్చేశాడు. ఆ పిల్లాడికి ఆ పని ఎవరూ నేర్పలేదు, అతన్ని నేనేమీ అనను.

మూడు వారాలు బాగానే తిరిగింది. తర్వాత ఎడమ పెడల్ దగ్గర టక్కు టక్కుమని చప్పుడు. కొత్త సైకిల్ కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఒకరోజు పొద్దున్న గట్టు మీద వెళుతుండగా ఆ పెడల్ ఊడి కింద పడింది. దాంతోపాటు పాపా పడింది. మోకాలు, మోచెయ్యి చీరుకుపోయాయి. రోడ్డువైపు పడింది కాబట్టి సరిపోయింది. రెండో పక్క నిండు కాలవ. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే.

సైకిల్‌ని మా సెంటర్లో రేకుల షెడ్డు కింద రిపేర్లు చేసే పెద్దాయన దగ్గరికి తోసుకెళ్ళాను. ఆయన పెడల్ వైపు చూడనే లేదు. పెడల్‌ని బిగించే క్రాంకు కమ్మీ చిల్లులో చూపుడువేలు పెట్టి తిప్పి బయటికి తీశారు. వేలి కొసకి తెల్లటి రజను అంటుకుంది, పెన్సిల్ చెక్కితే రాలే పొడిలా మెత్తగా. అదంతా క్రాంకు అల్యూమినియమే. లోపల మర అనేదే మిగల్లేదు, నున్నగా అరిగిపోయింది.

"ఎడమ పెడల్ ఎదురు మర బాబూ. కుడిది మామూలు బోల్టులాగే బిగుస్తుంది. ఎడమది అటు తిప్పితే ఊడుతుంది, ఇటు తిప్పితే బిగుస్తుంది. తెలీనోడు పానా వేసి బలవంతంగా ఎక్కించేశాడు. మర కొరికేసింది" అన్నారు. తొక్కే ఊపుకి పెడల్ తనంతట తాను వదులైపోకుండా ఎడమవైపు అలా చేస్తారట. ఇన్నేళ్ళు సైకిల్ తొక్కిన నాకు ఆ రోజు దాకా ఆ సంగతి తెలియదు.

అక్కడితో అయిపోలేదు. వెనక హబ్బు (చక్రం మధ్య ఇరుసు ఉండే భాగం) విప్పితే బేరింగు బాల్స్ దాదాపు పొడిగా ఉన్నాయి, గ్రీజు పేరుకి మాత్రమే. హ్యాండిలు కింద బేరింగు కప్పులు వదులు. వెనక చక్రం తిప్పి బ్రేకు రబ్బరు దగ్గర పెట్టి చూపించారు, ఒక చోట రాసుకుంటూ, మరో చోట వేలు పట్టేంత ఎడంగా తిరుగుతోంది. క్రాంకు సెట్టు, కేబుళ్ళు, రబ్బర్లు, బెండు తీయడం, కూలీ అన్నీ కలిపి 2,350 అయ్యింది. ఏడాది తిరిగేసరికి వెనక సస్పెన్షన్ బుష్‌లు అరిగి సైకిల్ వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. ఆ కంపెనీ పేరు చెబితే అమలాపురంలోనూ, రాజమండ్రిలోనూ ఎవరికీ తెలియదు. బుష్‌లు దొరకలేదు. చివరికి ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాను. 6,800కీ, 2,350కీ కలిపి 9,150 పెట్టి ఏడాది తొక్కించాను.

ఇప్పుడు మీ 7,999 సైకిల్ సంగతి. ఆ ధరలో రెండు సస్పెన్షన్లు, రెండు డిస్కులు, 21 గేర్లు అన్నీ పెట్టాలంటే ప్రతి భాగంలోనూ కంపెనీ వాళ్ళు తగ్గించుకోవాల్సిందే. వెనక స్ప్రింగు మన తొక్కుడు బలాన్ని తినేస్తుంది. ప్రతి తొక్కుకీ సైకిల్ కిందికీ పైకీ ఊగుతుంది, ఆ మేరకి ముందుకి తక్కువ వెళుతుంది. బరువు కూడా ఎక్కువ. మీ వాడు స్నేహితులతో నర్సాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) మీదికి సైకిల్ ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఆ బరువు చేతికి తెలుస్తుంది. అదే డబ్బుకి సస్పెన్షనే లేని గట్టి ఫోర్కు, మంచి హబ్బులు, నమ్మకమైన బ్రేకులు ఉన్న సైకిల్ వస్తే నేను కళ్ళు మూసుకుని దాన్నే తీసుకుంటాను.

మన డెల్టాలో ఎక్కడానికి కొండల్లేవు. సిద్ధాంతం వంతెనో, చించినాడ వంతెనో ఎక్కేటప్పుడు తప్ప చిన్న గేర్లతో పెద్ద పనుండదు. కష్టమంతా ఎదురుగాలితోనే. సాయంత్రం సముద్రం మీంచి కొట్టే గాలికి ఎదురు తొక్కుతున్నప్పుడు ఒకటి రెండు గేర్లు తగ్గించుకోవడానికి వెనక ఏడు పళ్ళచక్రాలు చాలు. అందుకని 21 అనే అంకె చూసి మోజుపడొద్దని మీ అబ్బాయికి చెప్పండి. ఆ గేర్లు మార్చే పరికరం ఏ కంపెనీదో అడగమనండి. షిమానో కంపెనీ గేర్లలో టూర్నీ అనేది అడుగు మెట్టుదే, అయినా స్కూలుకీ ట్యూషన్‌కీ బాగా సరిపోతుంది. పైగా పాడైతే దాని స్పేరు దొరుకుతుంది.

మనవైపు సైకిల్‌కి మరో రెండు శత్రువులున్నాయి. ఒకటి ఉప్పుగాలి. నర్సాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే సైకిల్ చైను వారం తుడవకపోతే ఎర్రబారిపోతుంది. రెండోది పుంత రోడ్ల బంకమట్టి. వర్షాకాలంలో అది టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది. కాబట్టి కొనేటప్పుడు టైరు పక్కన, ఫ్రేము దగ్గర చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూడండి. చైనుకి కొబ్బరినూనె మాత్రం పోయించకండి. మా కోనసీమలో ఇంటింటా ఉంటుంది కదా అని పిల్లలు అదే పోస్తారు. అది దుమ్ము పట్టి జిగురుగా తయారై చైనుని ఇంకా తొందరగా అరగదీస్తుంది. సైకిల్ చైను ఆయిలే వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి.

ఇక షాపు మాట. ఊళ్లో షాపు అయినంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందని నేననను. అదే పేరులేని సైకిల్‌ని పెట్టెలోంచి తీసి, అంతే తొందరగా బిగించి, రెండు వేలు ఎక్కువకి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అందుకే షాపులోకి వెళ్ళగానే ధర అడక్కండి. "బిగించేది ఎవరండీ, నేను పక్కన నిలబడి చూడొచ్చా?" అని అడగండి. సరే అన్న షాపులో కొనండి. రెండో పాప సైకిల్‌కి నేను అదే చేశాను. ఆయన గంటన్నర పట్టించుకున్నారు. హబ్బులో బేరింగుల్ని పట్టి ఉంచే కోన్లు విప్పి మళ్ళీ గ్రీజు పెట్టారు, చక్రం స్టాండు మీద తిప్పి ఒక్కో చువ్వా బిగించారు, పెడల్ ఎక్కించే ముందు మరకి గ్రీజు రాసి మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పారు. చేత్తో తిరిగితే మర సరిగ్గా కూర్చున్నట్టట. మీరు పెట్టే ఎక్కువ డబ్బులో పెద్ద భాగం ఈ గంటన్నరకే.

నెల తర్వాత ఇంకోసారి తీసుకెళ్ళాలి. కొత్త గేరు కేబుళ్ళు మొదటి కొన్ని వారాల్లో కుదురుకుని కాస్త వదులవుతాయి, గేరు సరిగ్గా పడదు. చువ్వలూ సర్దుకుంటాయి. ఈ మొదటి సర్వీసు ఉచితమా కాదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్ సైకిల్‌కి ఆ నెలకి ఎవరి దగ్గరికి వెళతారు? మా పెద్దాయనలాంటివాళ్ళు చేస్తారు, కానీ గేర్ల సర్దుబాటు పాత రకం సైకిళ్ళ మెకానిక్కులందరికీ అలవాటు ఉండదు.

మీ బడ్జెట్ నిజంగా ఎనిమిది వేలే అయితే, అది కూడా తప్పు కాదు. అప్పుడు గేర్లు లేని, సస్పెన్షన్ లేని మంచి కంపెనీ సైకిల్‌ని ఊళ్లోనే కొనండి. మన నేల మీద పిల్లాడికి ఏ లోటూ ఉండదు. లేదూ, ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశారా? అయితే పెట్టె ఇంటికి రాగానే మీరు బిగించకండి. పెట్టెతో సహా మెకానిక్ దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళి, నాలుగైదు వందలిచ్చి మొత్తం విప్పి బిగించమనండి. ముందు డిస్కు సీటు మీద కూర్చున్నవాళ్ళకి ఎడమచేతి వైపు రావాలి. కుడివైపు వచ్చిందంటే ఫోర్కు వెనక్కి తిప్పి పెట్టేశారన్నమాట. సైకిల్‌ని ఆటోలో పడుకోబెట్టాల్సి వస్తే గేర్లున్న పక్క పైకి ఉండాలి. గేరు పరికరాన్ని పట్టుకునే చిన్న కొక్కెం లాంటి ముక్క ఉంటుంది, అది ఇట్టే వంగిపోతుంది. ఫ్రేము ఫ్రేముకీ దాని ఆకారం వేరు. పేరులేని కంపెనీదైతే ఆ ఒక్క ముక్క కోసం సైకిల్ మూలపడుతుంది.

టైరు కొనాల్సి వచ్చినప్పుడు కూడా ఒక మాట గుర్తుపెట్టుకోండి. 26 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. మౌంటెన్ బైక్ 26 టైరు మీద చిన్న అక్షరాలతో 559 అని ఉంటుంది. 26 బై 1-3/8 అనే మామూలు సైకిల్ టైరు మీద 590 ఉంటుంది. ఇది దానికి ఎక్కదు. ఒకసారి తణుకు దాకా వెళ్ళి తప్పుది తెచ్చుకున్నాను.

అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళండి. రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, ఫ్రేము పైగొట్టానికి అటూ ఇటూ నిలబడమనండి. ఆ గొట్టానికీ పైన తొడల సందుకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్దది కొనకండి, బ్రేకు వేసి దిగాల్సి వచ్చినప్పుడు కాలు అందదు. షాపు ముందు రోడ్డు మీద ఒకసారి తొక్కించి, రెండు బ్రేకులూ విడివిడిగా వేయించి చూడండి. అతని ఎత్తు ఎంతో ఇక్కడ రాస్తే ఏ సైజు అడగాలో చెబుతాను.