పార్ట్‌టైమ్ డబ్బును నమ్ముకుని లెక్క వేయకండి

ప్రశ్న: మాది ఈసీఐఎల్ దగ్గర. జీతం చేతికి 85 వేలు. అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, రెండేళ్ల కోర్సు, ఐ-20లో (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) ఏడాదికి 42 వేల డాలర్లు చూపించారు. ఎఫ్‌డీలు 14 లక్షలు, కొంత పీఎఫ్ ఉన్నాయి. ఘట్‌కేసర్ వైపు కొన్న ప్లాటు 45 లక్షలు పలుకుతోంది. పాప ఇంటర్. మొదటి ఏడాదికి సర్దితే చాలు, తర్వాత పార్ట్‌టైమ్‌తో అబ్బాయే చూసుకుంటాడని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. ప్లాటు అమ్మాలా, 50 లక్షల లోన్ తీసుకోవాలా?

జవాబు: ముందు ఆ కన్సల్టెన్సీ మాట పక్కన పెట్టండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లినవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, అనుమతి లేకుండా బయట గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో చేస్తే వీసా స్టేటస్‌కే ఎసరు. క్యాంపస్‌లో దొరికితే సరుకులకీ ఫోన్ బిల్లుకీ వస్తుంది, ఫీజుకి కాదు.

ఐ-20లో ఉన్నది ఒక్క ఏడాది లెక్క. రెండేళ్లకి 84 వేల డాలర్లు, డాలరు 90 అనుకుంటే 75.6 లక్షలు, డాలరు ఇంకో 5 రూపాయలు పెరిగితే మరో 4.2 లక్షలు. సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసాకి 185, టికెట్, చలికోట్లు ఇవన్నీ వేరే. అయితే ఐ-20లో ఫీజు ఎంత, ఉండడానికి తినడానికి ఎంత అన్నది విడదీసి చూడండి. ఫీజు, ఇన్సూరెన్స్ తగ్గవు గానీ నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే అద్దె తగ్గుతుంది, ఆ ఊళ్లో ఉన్న సీనియర్లని అడిగితే అసలు లెక్క చెప్తారు. మీకు 70 లక్షలు అనుకుందాం.

50 లక్షల లోన్ మాత్రం వద్దండీ. 11 శాతం వడ్డీతో పదేళ్లకి ఈఎంఐ దాదాపు 68,900, మీ జీతం 85 వేలు! చదువయ్యాక ఓపీటీలో (అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, రేపు అబ్బాయి తిరిగొచ్చి ఇక్కడ గచ్చిబౌలిలో చేరినా కట్టగలిగేంతే అప్పు చేయాలి. 30 లక్షలైతే ఈఎంఐ 41,300, కష్టమే కానీ లాగొచ్చు.

మొదట లోన్, తర్వాత ప్లాటు. శాంక్షన్ లెటరు 30 లక్షలు, ఎఫ్‌డీలు 14 లక్షలు కలిపితే వీసాకి చూపించాల్సిన మొదటి ఏడాది 37.8 లక్షలు దాటేస్తుంది. బ్యాంకు సెమిస్టర్‌కి ఇంత అని విడుదల చేస్తుంది, వడ్డీ ఇచ్చినదాని మీదే పడుతుంది, 15 లక్షలు వాడితే నెలకి 13,750, అది మీ జీతంలోంచి అప్పటికప్పుడు కట్టేయండి. బ్యాంకు లోన్ డబ్బు పంపితే టీసీఎస్ (విదేశాలకి పంపేటప్పుడు ముందే పట్టుకునే పన్ను) ఉండదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే పట్టుకుంటారు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

ప్లాటు రెండో ఏడాది ఫీజు టైమ్‌కి అమ్మండి, ఆగస్టులో ప్రయాణం ఉందని తెలిస్తే కొనేవాడు ధర కోస్తాడు. 2024 జులై 23కి ముందు కొన్నదైతే లాభం మీద ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతమా, ఉంచుకుని 20 శాతమా, ఏది తక్కువైతే అదే పన్ను. వచ్చినదాంట్లో 35 లక్షలు అబ్బాయికి, లోటుకి ఎఫ్‌డీల్లోంచి 5 లక్షలు, మిగిలింది పాప ఇంజినీరింగ్‌కి. పీఎఫ్ జోలికి వెళ్లొద్దు. ప్లాటు కాగితాలు మాత్రం ఈ నెలలోనే బయటికి తీసి, ఈసీ (ప్లాటు మీద తాకట్లు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తెప్పించి పెట్టుకోండి.