అమ్మలూ, సముద్రం పక్కన ఆర్వీ ఆపేముందు

చిరంజీవి అమ్మలూకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆగస్టు చివర్లో ఆర్వీ (పడకలూ వంటిల్లూ ఉన్న పెద్ద బండి) అద్దెకు తీసుకుని అమెరికా పడమటి వైపు ఒరెగాన్ తీరం వెంట వారం రోజులు తిరుగుతామని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నాకు ఒకటొకటే గుర్తొస్తున్నాయి. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను. మీ పెదనాన్న రిటైరయ్యాక తొమ్మిదేళ్ళుగా ఏటా రెండు మూడు సార్లు ఆ తీరానికి వెళ్ళొస్తున్నాం. మొదటి రెండేళ్ళూ చేసిన పొరపాట్లు మీరు చెయ్యకూడదని నా తాపత్రయం.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్తాను. కిటికీలోంచి సముద్రం కనిపించాలని పట్టుబట్టకు. మేము మొదటిసారి అలాగే వెతికి వెతికి, బండికీ అలలకీ మధ్య ఒక్క చెట్టు కూడా లేని సైట్ (బండి నిలుపుకునే చోటు) తీసుకున్నాం. మధ్యాహ్నం దాకా స్వర్గంలా ఉంది. ఆ తర్వాత ఉత్తరం గాలి లేచింది. వేసవిలో అక్కడ దాదాపు రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి గాలి పెరుగుతుంది. మేము వాకింగ్‌కి వెళ్తూ బండి పక్కన నీడ కోసం పరిచిన గుడ్డ పందిరి, అదే ఆనింగ్, చుట్టకుండా వదిలేశాం. వచ్చేసరికి దాని చెయ్యి వంగిపోయి ఉంది. రాత్రంతా బండి ఊగుతూనే ఉంది, ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. మన బాపట్ల వైపు తీరం పొడుగునా సరుగుడు తోటలు ఎందుకు పెంచారో ఆ రాత్రి నాకు బాగా అర్థమైంది. అక్కడ సరుగుడు ఉండదు కానీ పైన్, స్ప్రూస్ చెట్లు ఉంటాయి. వాటి వెనక సైట్ తీసుకో. సముద్రానికి పది నిమిషాలు నడిచి వెళ్ళండి, రాత్రి హోరు వింటూ హాయిగా పడుకోండి.

అందుకే నాకు స్టేట్ పార్కుల్లో బండ్లు ఆపుకుని బస చేసే క్యాంప్‌గ్రౌండ్లంటే ఇష్టం. చాలావరకు చెట్ల మధ్యే కట్టారు. ఉత్తరం కొసన ఆస్టోరియా దగ్గర ఫోర్ట్ స్టీవెన్స్ ఉంది. చాలా పెద్దది, సైకిల్ బాటలున్నాయి. 1906లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పీటర్ ఐర్‌డేల్ ఓడ ఇనప పక్కటెముకలు ఇంకా ఇసుకలో నిలబడి ఉన్నాయి. పిల్లలు వాటి చుట్టూ తిరుగుతుంటే పొద్దు తెలీదు. న్యూపోర్ట్‌కి ఉత్తరాన బెవర్లీ బీచ్‌లో సైట్ నుంచి, తీరం వెంట సాగే 101 రోడ్డు కిందుగా నడిచి ఇసుకలోకి వెళ్ళొచ్చు. రోడ్డు దగ్గరే కాబట్టి బండ్ల చప్పుడు వినిపిస్తుంది, వాగు వెంట లోపలికి ఉన్న సైట్లు నయం. ఫ్లోరెన్స్ దగ్గర హనీమన్‌లో సముద్రం కన్నా చెరువులూ ఇసుక దిబ్బలే గొప్ప. దిబ్బ మీంచి జారుకుంటూ వస్తే నేరుగా క్లియోవాక్స్ చెరువు. పసిఫిక్ నీళ్ళు ఎండాకాలంలో కూడా కాళ్ళు కొరికేంత చల్లన, అందుకని పిల్లలకి ఈత ఇక్కడే. బాండన్ దగ్గర బుల్లర్డ్స్ బీచ్‌లో గాలి బాధ తక్కువ, సముద్రానికి మాత్రం మైలు పైనే నడవాలి. దక్షిణం కొసన బ్రూకింగ్స్ దగ్గర హారిస్ బీచ్ నాకు అన్నిట్లోకీ ప్రాణం, కానీ వారంలో అంత దూరం వద్దు.

అవును, తీరం మొత్తం చుట్టేద్దామనే ఆశ పెట్టుకోవద్దు. మ్యాప్‌లో చూస్తే తీరం మొత్తం 360 మైళ్ళ చిల్లర, రెండు రోజుల పని అనిపిస్తుంది. ఆర్వీతో 101 మీద మలుపులూ వంతెనలూ ఊళ్ళూ దాటుతుంటే గంటకి నలభై మైళ్ళు కూడా సాగవు. మూడు చోట్లు చాలు, ఒక్కో చోట రెండేసి రాత్రులు. రోజూ గొట్టాలూ తీగలూ విప్పుకుంటూ కట్టుకుంటూ ఉంటే అల్లుడిగారికి సెలవు ఎక్కడిది?

రిజర్వేషన్ ఆరు నెలల ముందు తెరుస్తారు. ఆగస్టు శని, ఆదివారాలు వెంటనే అయిపోతాయి కాబట్టి వారం మధ్య రోజులు చూడు. సైట్ పొడవు ఎంత రాశారో చూసి, మీ బండి పొడవు కంటే ఐదారడుగులు ఎక్కువ ఉన్నదే తీసుకో. మొదటిసారి కదా, వెనక్కి తిప్పి పెట్టే పని లేకుండా ముందుకే వెళ్ళిపోయే పుల్-త్రూ సైట్ దొరికితే వదలకు. నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న సైట్‌నే ఫుల్ హుకప్ అంటారు. పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి ఒక్క మజిలీలోనైనా అది ఉంటే టెన్షన్ ఉండదు. మురుగు ట్యాంకు వాల్వ్ మాత్రం మూసే ఉంచాలి, నిండాకే తెరవాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిది అడుగున మిగిలిపోతుంది. ఇంతకంటే ఎక్కువ రాయను.

వంట సంగతి. అద్దె బండ్లలో ఎక్కువగా 30 ఆంపుల కరెంటే ఉంటుంది, అంటే అన్నీ కలిపి 3600 వాట్లు. హీటరు 1500 లాగుతుంది, నీళ్ళు కాచే కెటిల్ ఇంకో 1500. వాటికి తోడు రైస్ కుక్కర్ పెట్టావా, బ్రేకర్ పడిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి వాడు. ఆ చలికి దోసెల పిండి పులవదు, ఇంట్లోనే పులియబెట్టి తెచ్చుకో. పీతలంటే మీ ఇంట్లో అందరికీ ఇష్టమే కదా! న్యూపోర్ట్‌లో యాకినా బేలో నీళ్ళ మీదకి కట్టిన పియర్ మీంచి బుట్ట వేసి పట్టొచ్చు. పన్నెండేళ్ళు నిండిన వాళ్ళందరికీ లైసెన్సు ఉండాలి. అక్కడ దొరికే డంజనెస్ రకం పీతల్లో మగవే, అవీ ఐదు ముప్పావు అంగుళాలు ఉన్నవే ఉంచుకోవాలి, మిగతావి నీళ్ళలోకి వదిలెయ్యాలి. పిల్లలకి పీత పొట్ట తిప్పి ఆడదో మగదో గుర్తుపట్టడం నేర్పు.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. ఆ సముద్రానికి ఎప్పుడూ వీపు చూపించొద్దు. అరగంట బుద్ధిగా ఉన్న అల ఉన్నట్టుండి ఒడ్డు మీదకి చాలా దూరం పరిగెత్తుకొస్తుంది. స్నీకర్ వేవ్ అంటారు. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద పిల్లల్ని ఎక్కనివ్వకు. కొద్దిపాటి నీళ్ళు తగిలినా దుంగ పొర్లుతుంది, దాని కింద పడితే మనుషులు దక్కరు. ఆటుపోట్ల పట్టీ ఫోన్లో పెట్టుకో. రాళ్ళ గుంటల్లో నక్షత్ర చేపలూ పువ్వుల్లాంటి ఎనిమోన్ జీవాలూ చూడాలంటే బాగా ఆటు ఉన్న రోజు, నీళ్ళు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకుని, పోటు మొదలవగానే వచ్చెయ్యండి.

ఇంకొకటి. 1700 జనవరి 26 రాత్రి ఈ తీరం పక్కనే సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. ఆ సునామీ జపాన్ దాకా వెళ్ళింది. అక్కడి రాతల వల్లే తేదీ తెలిసింది. అలాంటిది మళ్ళీ రావొచ్చని ఊరూరా బోర్డులు పెట్టారు. దిగిన ప్రతి చోటా సామాను దించకముందే, ఎత్తుకి వెళ్ళే దారి ఎటో బోర్డు చూసి, పిల్లలతో ఒకసారి నడవండి. భూమి గట్టిగా ఊగితే సైరన్ కోసం చూడొద్దు, బండి వదిలేసి నడుచుకుంటూ పైకి వెళ్ళిపోవాలి. 1977 దివిసీమ ఉప్పెన కబుర్లు అమ్మమ్మ చెప్తుంటే మీ అమ్మా నేనూ వినేవాళ్ళం. అందుకే ఈ విషయంలో నా మాట పక్కన పెట్టకు తల్లీ.

ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. బండి తిరిగి ఇచ్చేముందు కింది భాగం మంచినీళ్ళతో కడిగించు. పొద్దున్న పొగమంచు ఉందని నిరాశపడకు, చాలాసార్లు పది, పదకొండుకల్లా విడిపోతుంది. ఈలోగా అల్లం టీ పెట్టుకుని బయట కుర్చీలేసుకు కూర్చోండి. స్వెట్టర్లు మాత్రం ఆగస్టే కదా అని వదిలెయ్యకు.

బండి వాలుగా నిలబడితే చక్రాల కింద పెట్టే దిమ్మలూ, పీతల బుట్టా మా గ్యారేజీలో ఉన్నాయి. తీరానికి వెళ్ళే 26 రోడ్డు ఎక్కేముందు మా ఇంటి దగ్గర ఆగండి. పులిహోర కలిపి ఉంచుతాను.

మీ పెద్దమ్మ