కొడుకు పడవలో కాపురం పెట్టాడు, నేను బంధువులకు సింగపూర్ అని చెప్పాను

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బ్యాంకు ఉద్యోగరీత్యా బెంగళూరులో స్థిరపడ్డాం. నాకు 68 ఏళ్లు. మా అబ్బాయి రెండేళ్ల క్రితం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, వైట్‌ఫీల్డ్‌లోని ఫ్లాటు అమ్మేసి, మలేసియాలోని లంకావి దీవిలో 38 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. భార్యతో, ఏడేళ్ల పాపతో అందులోనే కాపురం. ఆ ఫ్లాటుకు నా పీఎఫ్ డబ్బు కొంత ఇచ్చాను. అమ్మేముందు నాతో ఒక్క మాట అనలేదు. బంధువులు అడిగితే సింగపూర్‌లో ఉద్యోగమని చెబుతున్నాను. మొన్న ఒక పెళ్లిలో మా బావమరిది కొడుకు ‘నాకూ అక్కడికే బదిలీ అయింది మామయ్యా, బావ నంబరు ఇవ్వండి’ అన్నాడు. ఇప్పుడు అబ్బాయి జనవరిలో వచ్చి నెలరోజులు పడవలో ఉండమంటున్నాడు. మా ఆవిడ అప్పుడే పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చేసింది. ఇల్లూ వాకిలీ లేని బతుకు చూడటానికి నేనెందుకు వెళ్లాలి? ఈ గొడవతో ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయాయి.
– ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: వెళ్లండి. అయితే నెలరోజులు వద్దు, పది రోజులు చాలు. పగలు పడవలో గడిపి, రాత్రికి ఒడ్డున హోటలు గదికి వచ్చేయండి.

ముందు మీ ఉత్తరం గురించి ఒక మాట. పడవ ఎన్ని అడుగులో రాశారు, ఫ్లాటు ఎక్కడుండేదో రాశారు. కోడలు, మనవరాలు ఎలా ఉన్నారో ఒక్క ముక్క లేదు. మీకు ప్రేమ లేదని నేననను. ఫ్లాటు విషయం గుండెల్లో అంతగా అడ్డుపడి ఉంది. పీఎఫ్ అంటే ఉద్యోగమంతా నెలనెలా జీతంలోంచి దాచుకున్న సొమ్ము. కొడుక్కి ఇచ్చేటప్పుడు ఎవరూ కాగితం రాయించుకోరు, అమ్మేటప్పుడు మాత్రం ఒక మాట చెబుతాడని అనుకుంటారు. చెప్పకపోవడం మీ అబ్బాయి తప్పే. పడవకు బదులు పొలం కొన్నా తప్పే అయ్యేది. దాన్ని సూటిగా అడగండి: ‘నా డబ్బు కలిసిన ఇల్లు నాకు చెప్పకుండా ఎందుకు అమ్మావు నాన్నా?’ అని. ‘ఇల్లూ వాకిలీ లేని బతుకు’ అని మొదలుపెడితే అతను తన బతుకును సమర్థించుకుంటూ కూర్చుంటాడు, మీ ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఇక భయం. ఉత్తరంలో ఆ మాట లేదు, కానీ ఉండే ఉంటుంది. మీ తరానికి సముద్రమంటే 1977 దివిసీమ ఉప్పెన, ఆ తర్వాత 2004 సునామీ. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. 2004 డిసెంబరు 26న ఆ అలలు లంకావికీ చేరాయి. అయితే పడవల్లో ఉండేవాళ్లు కాలం చూసుకుని కదులుతారు. జూన్‌లో మనకు వానలు తెచ్చే నైరుతి గాలులే మే నుంచి అక్టోబరు దాకా ఆ తీరాన్నీ కుదిపేస్తాయి. నవంబరు తర్వాత గాలి ఈశాన్యం నుంచి, నేల మీదుగా వస్తుంది కాబట్టి సముద్రం నెమ్మదిస్తుంది. ఆ నెలల్లోనే చాలామంది లంకావి నుంచి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దాకా ఒక్కో దీవి దగ్గర లంగరు వేసుకుంటూ వెళతారు. పైగా లంకావి భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల దూరంలోనే ఉంది. అంత దగ్గరలో తుపానులు పుట్టడం అరుదు. జనవరిలో రమ్మన్నాడంటే మిమ్మల్ని దృష్టిలో పెట్టుకునే రమ్మన్నాడు.

2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మేలో తిరిగొచ్చిన మన నౌకాదళం తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులున్నారు. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. తెరచాప పడవ మీదే భూగోళాన్ని చుట్టివచ్చారు. మీ అబ్బాయి ఈ ఉదాహరణ చెబితే మాత్రం వెంటనే తలూపకండి. వాళ్ల వెనుక నౌకాదళం ఉంది. ఇతని వెనుక ఏముంది? పాపకు అర్ధరాత్రి జ్వరం వస్తే, లంగరు జారితే, ఇంజిను మొరాయిస్తే?

ఇక్కడ మీ బ్యాంకు అనుభవం పనికొస్తుంది. ప్రతి పడవలో లాగ్‌బుక్ అని ఒకటి ఉండాలి. ఏ రోజు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారు, గాలి ఎటు నుంచి వీచింది, ఇంజిను ఎన్ని గంటలు నడిచింది, ఆయిలు ఎప్పుడు మార్చారు, డీజిలు ఎంత మిగిలింది, అన్నీ అందులో రాస్తారు. దాన్ని అడిగి తీసుకుని, బ్రాంచి తనిఖీకి వెళ్లినట్టే చూడండి. రాతలు వరసగా ఉంటే మీ బెంగ సగం తీరుతుంది. నెలల తరబడి ఖాళీ పేజీలుంటే అప్పుడు గట్టిగానే మాట్లాడండి. లోపల కాళ్ల కింది పలకలు ఎత్తించి, అడుగున నీళ్లు నిలిచాయేమో చూడండి. ప్రాణరక్షణ తెప్పకు సర్వీసు గడువు దాటిందేమో చూడండి. పాప డెక్కు మీదకు వచ్చేముందు లైఫ్ జాకెట్టు తనంతట తానే వేసుకుంటోందా, ఎవరైనా వెంటపడి వేయాలా? ఇది అడగక్కర్లేదు, అరగంట కూర్చుంటే తెలిసిపోతుంది.

డబ్బు సంగతి కూడా అడగండి. ఉప్పునీళ్లలో ఉన్న పడవ అడుగుకు నాచూ పెంకులూ పట్టేస్తాయి. ఏడాదికో రెండేళ్లకో ఒడ్డుకెత్తించి, గీకించి, రంగు వేయించాలి. తెరచాపలు ఎండకు చివికిపోతాయి. పడవ పాతబడేకొద్దీ ధర పడిపోతుంది. అందుకని, తిరిగి వచ్చాక ఏడాదిపాటు అద్దెకూ బడి ఫీజుకూ సరిపోయే డబ్బు విడిగా ఉంచాడా, అక్కడ చెల్లే ఆరోగ్య బీమా ముగ్గురికీ ఉందా, ఈ రెండూ తేల్చుకోండి. ‘ఎప్పుడు తిరిగొస్తావు’ అని మాత్రం అడగవద్దు. పంతం కొద్దీ ఏదో ఒకటి అనేసి, తర్వాత దానికే కట్టుబడతాడు.

పాప చదువుకు కొంప మునిగిందేమీ లేదు. బడికి వెళ్లకుండానే చదువుకునే సార్వత్రిక విద్యాసంస్థ ఎన్ఐఓఎస్ ద్వారా పది, ఇంటర్ స్థాయి పరీక్షలు రాసే వీలుంది. నాకు స్నేహాల గురించే ఆలోచన. ఇవాళ పక్కన లంగరు వేసిన పిల్లలు వచ్చే వారం వేరే దేశంలో ఉంటారు. వారంలో రెండు సాయంత్రాలు ఫోనులో మీరే తెలుగు నేర్పించండి. వారం మారినా మారని మనిషి ఒకరుంటారు దానికి.

ఒక పని మీ ఆవిడకు అప్పగించండి. కోడలిని ఒంటరిగా లంకావిలోని కువా పట్టణానికి, బజారు పనిమీద తీసుకెళ్లమనండి. ఆ పడవలో కోపమొస్తే వెళ్లి కూర్చోవడానికి మేడ ఉండదు, గట్టిగా ఏడవడానికి గది ఉండదు. ఈ బతుకు ఆ అమ్మాయి కోరుకున్నదేనా, సర్దుకుపోతోందా? పుట్టింట్లో కూడా చెప్పుకోలేకపోతోందేమో. ‘ఇక చాలు అత్తయ్యా’ అని ఆమె అంటే, మీ ఫ్లాటు లెక్క పక్కన పెట్టి ముందు ఆ విషయం కొడుకుతో మాట్లాడండి. సంతోషంగా ఉన్నానంటే, మీ అభ్యంతరాల్లో సగం మీలోనే ఉంచుకోవాలి.

ఒడ్డున గది ఎందుకంటే, లంగరు వేసిన పడవకు చిన్న రబ్బరు పడవలో వెళ్లి, ఊగుతున్నదాని మీద నిలబడి నిచ్చెన ఎక్కాలి. మరుగుదొడ్డికి సాధారణంగా చేత్తో పంపు కొట్టాలి. మంచినీళ్లు చెంబుల లెక్కన వాడాలి. ఇది మీ మోకాళ్లకు పరీక్ష. బీపీ, షుగరు ఉంటే ప్రయాణ బీమాలో దాచకండి. మాత్రలు డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్లండి. ఫ్రిజ్జు కూడా సోలారు కరెంటు దయమీద నడిచేచోట ఆవకాయ, కందిపొడి ఎంత అపురూపమో మీ ఆవిడకు నేను చెప్పక్కర్లేదు.

సింగపూర్ అబద్ధానికి ఊరంతా ఫోన్లు చేసి సంజాయిషీలు ఇవ్వకండి. బావమరిది కొడుకు ఒక్కడికే చేసి, ‘మీ బావ లంకావిలో పడవలో ఉంటున్నాడు, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను’ అనండి. మిగతావాళ్లకు చేరవేసే బాధ్యత వాళ్లింట్లోవాళ్లు చూసుకుంటారు, వారం కూడా పట్టదు. నవ్వేవాళ్లు నవ్వుతారు. వాళ్లలోనే కొందరు వేసవి సెలవులకు మేమూ వస్తామంటారు, చూడండి. అప్పటికి అక్కడ వానలు మొదలవుతాయని చెప్పండి. మీ టికెట్లు మాత్రం ఆలస్యం చేయకండి. చైనా కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఆ వారం లంకావిలో గదుల ధరలు మండిపోతాయి. ఆ తేదీలు తప్పించి తీసుకోండి.