పాత ఇంజిన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, ఫోన్‌లో. రెండోసారి ఇంటికొచ్చాక పెన్సిల్ పట్టుకుని. క్యూటీ వెబ్‌కిట్ గురించి, అంటే క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసిన ప్రోగ్రాముల్లో వెబ్ పేజీలు చూపించే బ్రౌజర్ ఇంజిన్ గురించి, తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. "చచ్చిపోయిన ఇంజిన్ మళ్లీ బతికింది" అన్న శీర్షిక మాత్రం తీసెయ్. అది చచ్చిపోలేదు. చూసుకునేవాళ్లు వెళ్లిపోయారు, వాడేవాళ్లు మిగిలారు. నీ వ్యాసం ఆ మిగిలినవాళ్ల దగ్గర మొదలవ్వాలి.

చరిత్రకు మూడు పేజీలు ఇచ్చావు. ఒక్క పేరా చాలు. 1998లో లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్లు మొదలుపెట్టిన కేహెచ్‌టీఎమ్ఎల్ అనే ఇంజిన్‌ను 2001లో ఆపిల్ తీసుకుని వెబ్‌కిట్‌గా పెంచింది. 2008లో క్యూటీ 4.4తో పాటు ఆ వెబ్‌కిట్ క్యూటీలోకి వచ్చింది. 2013 ఏప్రిల్‌లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి బ్లింక్ పేరుతో వేరుపడింది. అదే సెప్టెంబరులో క్యూటీ వాళ్లు ఇకమీదట క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియం మీద కట్టిన వెబ్‌ఇంజిన్‌తోనే వెళతామని చెప్పారు. వెబ్‌కిట్ అసలు రిపాజిటరీ నుంచి క్యూటీ కోడ్‌ను తీసేశారు. 2016లో క్యూటీ 5.6 వచ్చేసరికి పాత మాడ్యూల్ అందులో లేదు. అంతే. క్రోమ్ తానెవరో సైట్లకు చెప్పుకునే యూజర్ ఏజెంట్‌లో ఇప్పటికీ "కేహెచ్‌టీఎమ్ఎల్, లైక్ గెకో" అనే మాటలు ఉంటాయని రాశావు చూడు, ఆ వివరం మాత్రం ఉంచు. ఒక ఊరి పేరు ఇంటిపేరుగా మిగిలిపోయినట్టు ఉంది అది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన ప్రశ్న ఒకటుంది. కొత్తది ఉండగా పాతది ఎవరికి కావాలి?

నాకు కావాల్సి వచ్చింది. అప్పట్లో ఒక చిన్న కంపెనీలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాణ్ని. బిల్లు హెచ్‌టీఎమ్ఎల్ పేజీగా తయారయ్యేది, క్యూటీ వెబ్‌కిట్ దాన్ని ప్రింటర్‌కి పంపేది. వెబ్‌ఇంజిన్‌కి మారదామని కూర్చుంటే, విండోస్‌లో మేము వాడే మింగ్‌డబ్ల్యూ కంపైలర్‌తో అది బిల్డే కాదు, అంటే కోడ్ నడిచే ప్రోగ్రాంగా తయారవ్వదు. పైగా మా కోడ్ పేజీలోని ఒక గడిని పట్టుకుని అందులో ఉన్న విలువను అక్కడికక్కడే చదివేది. వెబ్‌ఇంజిన్‌లో పేజీ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. జావాస్క్రిప్ట్ పంపి, జవాబు వచ్చేదాకా ఆగాలి. పాతదానిలో నెట్‌వర్క్ పనంతా క్యూటీ సొంత మేనేజర్ ద్వారా జరిగేది, మధ్యలో మనం చెయ్యి పెట్టొచ్చు. క్రోమియం తన నెట్‌వర్క్ కోడ్ తనే తెచ్చుకుంటుంది. నాలుగు పేర్లు మారిస్తే పోతుందనుకున్న పని, సగం ప్రోగ్రాం తిరిగి రాయడం దాకా వచ్చింది. ఆ నెల పడ్డ టెన్షన్ నాకింకా గుర్తే.

2016లోనే క్యూటీ వెబ్‌కిట్ కోడ్‌ను మళ్లీ పైకి తెచ్చే పని మొదలైంది. ఎక్కువ భారం ఒక్క డెవలపర్ మీదే పడింది. ఆ పని ఎలాంటిదో పాఠకుడికి కనిపించేలా రాయి. మూడేళ్ల కిందట ఊడదీసిన తలుపును అటక మీంచి దించి, ఈలోగా గోడలు జరిపిన ఇంట్లో బిగించాలి. అయినా తలుపు తీసుకుని లోపలికి వచ్చేవాడికి తేడా తెలియకూడదు. లోపల ఇంజిన్ కొత్తది, బయట క్లాసుల పేర్లు పాతవే ఉండాలి. క్యూమేక్‌తో నడిచిన బిల్డ్‌ను సీమేక్ అనే మరో బిల్డ్ టూల్‌కి మార్చారు. వెర్షన్‌కు 5.212 అని పేరు పెట్టారు. నువ్వు అది అచ్చుతప్పు అనుకుని 5.21 అని దిద్దావు! అందులో 5 క్యూటీది. 212 అంటే ఆధారంగా తీసుకున్న వెబ్‌కిట్‌జీటీకే 2.12, అంటే జీటీకే అనే మరో టూల్‌కిట్ కోసం చేసిన వెబ్‌కిట్. జీటీకే వాళ్లు వెబ్‌కిట్‌ను వదలకుండా చూసుకుంటూ వచ్చారు, వాళ్ల పని ఇటు పనికొచ్చింది. నీ వ్యాసంలో నాకు బాగా కావాల్సిన పేరా అది, కానీ నువ్వది రాయనే లేదు.

ఇంకొకటి. మంచి మాత్రమే చెప్పి ఆపేశావు. 2020 మార్చిలో వచ్చిన విడుదల పేరు ఆల్ఫా 4, అంటే ఇంకా పరీక్షల దశలోనే ఉందన్నమాట. నాలుగేళ్ల తర్వాత కూడా ఆల్ఫానే. ఇలాంటి ఇంజిన్లకు భద్రతా అప్‌డేట్ల హామీ ఇవ్వలేమని డెబియన్ అనే లినక్స్ తయారుచేసేవాళ్లు తమ విడుదల నోట్స్‌లోనే చెప్పారు. మన చేత్తో రాసిన బిల్లు పేజీ చూపించడానికి అది సరిపోతుంది, ముక్కూమొహం తెలియని సైట్లు తెరవడానికి వాడకూడదు. ఈ మాట చివర్లో చిన్న అక్షరాల్లో వెయ్యకు, వ్యాసం మధ్యలో పెట్టు. నిన్ను నమ్మి ఎవరో ఒకరు దాన్ని తమ ప్రోగ్రాంలో పెట్టుకుంటారు.

భాష సంగతి. "విహారిణి యంత్రం" అని రాశావు. మీ ఆఫీసులో ఎవరైనా అలా అంటారా? బ్రౌజర్ ఇంజిన్ అను. "నిర్మాణం విఫలమైనది" వద్దు, బిల్డ్ ఫెయిలైంది అను. తెలుగుదనం చూపించాలంటే వేరే చోటుంది. పరీక్షించడానికి ఇంగ్లిష్ పేజీలే తెరిచావు. "లక్ష్మి", "స్త్రీ" అన్న రెండు మాటలున్న పేజీ ఒకటి తెరిచి చూడు. ఒత్తులు కింద సరిగ్గా కూర్చున్నాయా, ప్రింట్‌లో కూడా అలాగే వచ్చాయా? అది మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

ఈ వారాంతం దాన్ని నీ మెషీన్‌లో నువ్వే బిల్డ్ చెయ్యి. ఇంతవరకు చెయ్యలేదని చదవగానే తెలిసిపోయింది, అందుకే నీ వాక్యాల్లో "ఎంతో శ్రమించి" అని నాలుగుసార్లు వచ్చింది. మొదటి ఎర్రర్ ఎక్కడొచ్చిందో, దాని మీద ఎంతసేపు కూర్చున్నావో కాగితం మీద రాసుకో. రెండో ప్రతి అక్కడి నుంచి మొదలుపెట్టి పంపు. ఆదివారం సాయంత్రం ఖాళీగానే ఉంటాను, బిల్డ్ లాగ్ కూడా జత చెయ్యి.

మీ అన్నయ్య