ఆట – అంచనా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2001 కోల్‌కతా టెస్టులో ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా మనల్ని ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్) ఆడించి చేతిలో ఉన్న మ్యాచ్ పోగొట్టుకున్నాడు. కెప్టెన్‌గా ఇంతకన్నా చెత్త నిర్ణయం ఇంకొకటి ఉంటుందా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: లక్ష్మణ్ 281 గుర్తొస్తే చాలు, తెలుగువాళ్లకి ఆ నిర్ణయం పిచ్చిపనిలాగే కనిపిస్తుంది. కానీ మూడో రోజు ఆ నిర్ణయం తీసుకునేటప్పటికి వా దగ్గర ఏముందో చూడండి. ఆస్ట్రేలియా 445, మనం 171. ఆధిక్యం 274 పరుగులు. ఐదు రోజుల టెస్టులో ఫాలోఆన్‌కి 200 చాలు. వాళ్లు వరసగా 16 టెస్టులు గెలిచి ఉన్నారు, ముంబైలో అంతకుముందు టెస్టుని మూడు రోజుల్లోనే ముగించారు. మన మొదటి ఇన్నింగ్స్ 58.1 ఓవర్లకే అయిపోయింది కాబట్టి బౌలర్లు మరీ అలిసిపోలేదు కూడా. టెస్టు క్రికెట్ చరిత్ర మొత్తంలో ఫాలోఆన్ ఆడించిన జట్టు ఓడిపోయింది నాలుగే సార్లు: 1894 సిడ్నీ, 1981 హెడింగ్లీ, 2001 కోల్‌కతా, 2023 వెల్లింగ్టన్. వా ఆ నిర్ణయం తీసుకునేనాటికి అలాంటివి రెండే.

ఫాలోఆన్ ఆడిస్తే బౌలర్లకి విశ్రాంతి ఉండదు, చివరి రోజు అరిగిన పిచ్ మీద ఆడించిన జట్టే బ్యాటింగ్ చేయాల్సి రావచ్చు. ఈ రెండు నష్టాలూ ఏ కెప్టెన్‌కైనా తెలిసినవే. అంత ఆధిక్యం ఉన్నప్పుడు వాటిని భరించడం సబబే. లక్ష్మణ్, ద్రావిడ్ కలిసి 376 పరుగులు జోడిస్తారని, నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడదని ఎవరు లెక్కగడతారు? మా మాట అడిగితే అది మంచి నిర్ణయమే, ఫలితం బాగాలేదు అంతే. ఆస్ట్రేలియా తప్పు వెతకాలంటే అయిదో రోజు టీ తర్వాత వెతకండి. లక్ష్యం 384. టీ సమయానికి 161 పరుగులకి 3 వికెట్లే పడ్డాయి. గెలుపు అందకపోయినా డ్రా చేతిలోనే ఉంది. అక్కణ్నుంచి 212కే ఆలౌటయ్యారు. హర్భజన్ ఒకవైపు తిప్పేస్తుంటే, అప్పుడప్పుడూ బౌలింగ్ చేసే టెండూల్కర్‌కి హేడెన్, గిల్‌క్రిస్ట్, వార్న్ ముగ్గురూ ఎల్బీగా (స్టంప్స్‌కి తగలాల్సిన బంతి ప్యాడ్‌కి తగిలి) దొరికిపోయారు.

మన వైపు నిర్ణయాన్నీ ఇదే కొలతతో చూడాలి. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 కొట్టిన లక్ష్మణ్‌ని రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో దింపారు. బంతిని బాగా ఆడుతున్నది ఎవరో అప్పటికే కళ్లెదుట కనిపించింది. అతనికి ఎక్కువ సమయం దొరికేలా చేశారు. లక్ష్మణ్ ఆ రోజు సున్నాకే అవుటై ఉన్నా అది మంచి నిర్ణయమే.

ప్రశ్న: మాది విశాఖలో ఒక క్లబ్ జట్టు, పగటి పూట మ్యాచ్‌లు. టాస్ గెలిస్తే కళ్లు మూసుకుని ఫీల్డింగ్ తీసుకుంటాం, టీవీలో అందరూ అదే చేస్తున్నారు కదా. సరైనదేనా?

జవాబు: టీవీలో చూసేవి ఎక్కువగా రాత్రి మ్యాచ్‌లు. మంచు పడితే బంతి తడిసి స్పిన్నర్ వేళ్లకి పట్టు దొరకదు, అందుకే ఛేజింగ్ కోరుకుంటారు. మధ్యాహ్నం మూడింటికి ముగిసే మ్యాచ్‌కి ఆ కారణం వర్తించదు. మ్యాటింగ్ వికెట్ (చాప పరిచిన పిచ్) అయితే రోజంతా పెద్దగా మారదు, కాబట్టి పిచ్ అరుగుతుందన్న భయమూ అక్కర్లేదు. అక్కడ చూడాల్సింది మీ బౌలర్లు ఎంతమంది వచ్చారు, ఎండలో రెండో పూట ఎవరు నిలబడగలరు అన్నదే. మట్టి పిచ్ అయితే తాళంచెవి గుచ్చి చూడండి. సులువుగా దిగితే లోపల తడి ఉన్నట్టు, మొదటి గంట మీ పేసర్లది. టాస్‌కి వెళ్లే ముందు కారణం ఒక్క వాక్యంలో నోట్‌బుక్‌లో రాసుకోండి. పది మ్యాచ్‌ల తర్వాత ఫలితం పక్కన పెట్టి ఆ కారణాలే చదివితే ఎక్కడ పొరపాటు పడుతున్నారో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఎల్బీ రివ్యూలు అంత తరచుగా ఎందుకు వృథా అవుతాయి? కెప్టెన్లకి కనిపించదా?

జవాబు: అంపైర్ నిర్ణయం మీద రివ్యూ అడగడానికి 15 సెకన్లే ఉంటాయి, ఆ 15 సెకన్లలో అందరికన్నా గట్టిగా మాట్లాడేది బౌలర్. అతను బంతి వేశాక పక్కకి జరిగిపోతూ ఉంటాడు, పైగా ఆశ. లైన్ సరిగ్గా కనిపించేది కీపర్‌కి, ఎత్తు తెలిసేది పాయింట్‌లోనో స్క్వేర్ లెగ్‌లోనో ఉన్నవాళ్లకి. అడగాల్సింది వీళ్లని. మొదట ‘లెగ్ స్టంప్ బయట పడిందా?’ అని అడగాలి. పడితే అక్కడితో ఆపేయాలి, స్టంప్స్‌కి తగులుతున్నా అవుట్ కాదు. తర్వాత బ్యాట్ తగిలిందా, ఆ తర్వాత ప్యాడ్‌కి ఎక్కడ తగిలింది, చివరికి ఎత్తు. అంపైర్ నాటౌట్ అన్నాక అది మారాలంటే బంతిలో కనీసం సగం స్టంప్స్‌కి తగులుతున్నట్టు తేలాలి. ‘తగులుతుందేమో’ అన్నంత మాత్రాన రివ్యూ అడగకూడదు.

2019 హెడింగ్లీ టెస్టు ఇందుకు పెద్ద పాఠం. ఇంగ్లండ్ చివరి జోడీ స్టోక్స్, లీచ్ క్రీజులో ఉండగా, లీచ్ మీద ఆస్ట్రేలియా ఎల్బీ రివ్యూ అడిగింది. బంతి లెగ్ స్టంప్ బయట పడింది, ఉన్న చివరి రివ్యూ కాస్తా పోయింది. కొద్దిసేపటికే, ఇంగ్లండ్‌కి ఇంకా రెండు పరుగులు కావాల్సి ఉండగా, లయన్ వేసిన బంతి స్టోక్స్ ప్యాడ్‌కి తగిలింది. అంపైర్ నాటౌట్ అన్నాడు. రీప్లేలో బంతి పడిన చోటు, ప్యాడ్‌కి తగిలిన చోటు, స్టంప్స్ మూడూ ఎరుపే, అంటే అవుటే. అడగడానికి రివ్యూ లేదు. ఇంగ్లండ్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. రివ్యూ అడిగేటప్పుడు ఈ బంతి ఒక్కటే కాదు, అది పోతే తర్వాత బంతికి ఏమీ మిగలదన్న సంగతీ లెక్కలోకి రావాలి.

ప్రశ్న: నాకు క్రికెట్ బాగా తెలుసు. పది మ్యాచ్‌ల్లో ఆరింటికి విజేతని కచ్చితంగా చెబుతాను. అయినా బెట్టింగ్‌లో డబ్బు పోతూనే ఉంది, ఎందుకు?
– పేరు వద్దన్న పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇది నేరం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలనూ నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు కూడా 2025 ఆగస్టులో చట్టం ఆమోదించింది. కాబట్టి ఈ జవాబు గెలిచే మార్గం చెప్పడానికి కాదు, మీ డబ్బు ఏ దారిన పోతోందో చూపించడానికి.

ఎవరు గెలుస్తారో చెప్పడం వేరు, ఎంత ధరకి పందెం కాస్తున్నారన్నది వేరు. మీరు ఫేవరెట్ల మీదే కాస్తున్నారనుకుందాం, ధర రూపాయికి 40 పైసలు, అంటే గెలిస్తే రూపాయికి 40 పైసల లాభం. ఒక్కో మ్యాచ్‌కి 1,000. ఆరు గెలిస్తే వచ్చేది 2,400. నాలుగు ఓడితే పోయేది 4,000. ఆరు కరెక్టుగా చెప్పి కూడా 1,600 నష్టం. ఆ ధరకి అసలు పోకుండా ఉండాలంటేనే నూటికి 71కి పైగా సరిగ్గా చెప్పాలి. లెక్క ఇదీ: వందని, వందకి పైసలు కలిపిన మొత్తంతో భాగించండి. 40 పైసలకి 100 బై 140. 90 పైసలకి 100 బై 190, అంటే నూటికి 52.6.

రెండు జట్లూ సమానమైతే బుకీ రెండువైపులా 90 పైసలే ఇస్తాడు. మీరొక వైపు వెయ్యి, మీ స్నేహితుడు రెండో వైపు వెయ్యి పెడితే అతని చేతికి 2,000 వస్తాయి, గెలిచినవాడికి 1,900 ఇస్తాడు. ఎవరు గెలిచినా 100 అతనిదే. అయిదు మ్యాచ్‌లు కలిపి ఒకే పందెం కాస్తే ఆ కోత గుణించుకుంటూ పోతుంది. న్యాయంగా పెట్టిన రూపాయితో కలిపి 32 రూపాయలు రావాలి, వచ్చేది 24 రూపాయల 76 పైసలు. నూటికి 22 రూపాయలకి పైగా ఆదిలోనే పోయినట్టు. మీకు తెలిసిన క్రికెట్ ఆ ధర పెట్టేవాడికీ తెలుసు.

ప్రశ్న: ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే ఎప్పుడో ఒకప్పుడు గెలిచి అంతా వెనక్కి వస్తుంది కదా?

జవాబు: రాదు. 90 పైసల ధరకి వేసి చూడండి. 100, 200, 400, 800 వరసగా పోయాయి, మొత్తం 1,500. అయిదోసారి 1,600 పెట్టి గెలిచారు. వచ్చే లాభం 1,440. గెలిచి కూడా 60 రూపాయల నష్టంలోనే ఉన్నారు. ఇలాగే సాగితే ఎనిమిదో పందెం 12,800, అది పోతే మొత్తం 25,500 పోయినట్టు. సమాన అవకాశం ఉన్న పందేల్లో వరసగా ఎనిమిది ఓడిపోవడం 256లో ఒకసారి జరుగుతుంది. సీజన్ అంతా ఆడేవాడికి అది ఎదురవడం పెద్ద వింతేమీ కాదు.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒకాయన వరసగా అయిదు మ్యాచ్‌లు ముందే కరెక్టుగా చెప్పాడు. ఇప్పుడు ‘ఫిక్స్‌డ్ మ్యాచ్’ రిపోర్టుకి డబ్బు అడుగుతున్నాడు.

జవాబు: ఇవ్వకండి. 1,024 మందిలో సగం మందికి ఒక జట్టు పేరు, సగం మందికి రెండో జట్టు పేరు పంపితే చాలు. తప్పు వెళ్లినవాళ్లని వదిలేస్తూ పోతే అయిదు మ్యాచ్‌లకి 32 మంది మిగులుతారు. వాళ్లకి అతను దేవుడిలా కనిపిస్తాడు. మీరు ఆ 32 మందిలో ఒకరు. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా తమ్ముడు ఐపీఎల్ బెట్టింగ్‌లో అప్పులపాలయ్యాడు. లోన్ యాప్‌ల వాళ్లు మా బంధువులకి కూడా ఫోన్ చేస్తున్నారు. ‘ఈ ఒక్కసారి అప్పు తీర్చండి, మళ్లీ ఆడను’ అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక అక్క, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు వాడి ప్రాణం, తర్వాతే అప్పు. చచ్చిపోతానన్న మాట సరదాకి అన్నా ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే చేర్చింది, దానికి సైకియాట్రిస్టు దగ్గర వైద్యం ఉంది. తిట్టి మాన్పించేది కాదు.

డబ్బు వాడి చేతికి మాత్రం ఇవ్వకండి. పోయినది ఒక్క మ్యాచ్‌తో రాబట్టాలన్న తపన ఇంకా తగ్గి ఉండదు, ఆ సొమ్ము మళ్లీ అక్కడికే పోతుంది. పక్కన కూర్చుని ఒక కాగితం మీద ఎవరికి ఎంత, ఏ తేదీన తీసుకున్నాడు, వడ్డీ ఎంత అని రాయించండి. మొదటిరోజు చెప్పేది సాధారణంగా మొత్తం ఉండదు, వారం తర్వాత ఇంకోసారి అడగండి, అప్పుడు కోప్పడకండి. తీర్చగలిగినవి మీరే నేరుగా అప్పిచ్చినవాళ్లకి కట్టి రసీదు తీసుకోండి. వాడి ఒప్పుకోలుతో జీతం మీకో అమ్మకో తెలిసిన ఖాతాలో పడేలా మార్చి, యూపీఐ పరిమితిని రోజు ఖర్చుకి సరిపడా తగ్గించండి. బెదిరించే లోన్ యాప్‌ల ఫోన్ నంబర్లు, మెసేజీల స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా దాచి పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. బంధువులకి మీరే ముందు ఫోన్ చేసి ‘ఇలాంటి కాల్ వస్తే డబ్బు పంపకండి, మాకు చెప్పండి’ అని చెప్పేయండి. వాళ్లకి తెలిసిపోయాక ఆ బెదిరింపుకి బలం చాలామటుకు తగ్గుతుంది. వచ్చే సీజన్ మొదటి రెండు వారాలు సాయంత్రం ఏడున్నరకి వాడి పక్కన ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా ఇప్పుడే అనుకోండి.