వేడి ఆవిర్లకు హోమియో మందులు పనిచేస్తాయా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగి ఏడాది దాటింది. రోజుకు ఏడెనిమిదిసార్లు వేడి ఆవిర్లు, చెమటలు. హార్మోన్ మాత్రలంటే భయం. లాకెసిస్, సెపియా అనే హోమియో మందులు వాడొచ్చా?

జవాబు: ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గాక, ఒంటి వేడి కాస్త పెరిగినా మెదడు తట్టుకోలేదు. వెంటనే చెమట పట్టించి చల్లబరచాలని చూస్తుంది. హోమియో మందులు ఉత్తుత్తి మాత్రలకన్నా మెరుగని రుజువు కాలేదు. 30సి పొటెన్సీలో, అంటే నూరో వంతుకు చొప్పున ముప్పైసార్లు పలుచన చేసిన మందులో, అసలు పదార్థపు అణువు ఒక్కటీ మిగలదు.

సోయా ఐసోఫ్లేవోన్లు (సోయాలో ఉండే, ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు) కొందరికి కాస్త ఊరటనిస్తాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆ మాత్రలు వేసుకోవద్దు. బ్లాక్ కోహోష్ అనే మూలికతో కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆపేసి పరీక్ష చేయించుకోండి.

మందుల్లేకుండా కావాలంటే మా మొదటి సలహా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. ఆవిర్ల బాధ, నిద్రలేమి తగ్గుతాయి. అధిక బరువుంటే తగ్గండి. ఇక హార్మోన్ల భయం గురించి: 60 ఏళ్లలోపు ఆరోగ్యవంతుల్లో చాలామందికి నష్టంకన్నా మేలే ఎక్కువ, కాబట్టి ఒకసారి గైనకాలజిస్టుతో మాట్లాడండి. మళ్లీ రక్తస్రావం కనిపిస్తే అస్సలు ఆలస్యం చేయొద్దు.