టాపు తీసే కారుకి స్టీలు సైలెన్సర్

చిట్టితల్లీ,

నువ్వు 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, అదే ఆ టాపు తీసే పాత బ్రిటిష్ కారు, కొన్నావనీ, దాని కిందున్న తుప్పు సైలెన్సర్ మొత్తం పీకేసి కొత్త స్టెయిన్‌లెస్‌ది నువ్వే బిగించుకుంటానంటున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో కంగారు, నాకేమో గర్వం. ఫోన్ పెట్టేశాక ఆ కంగారు నాకూ అంటుకుంది. వేసవిలో మీ అమ్మ విజయవాడ నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని వేల్స్ దాకా తీసుకెళ్తానన్నావట. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి మీ నాన్న రైల్లో రావాలి. అదలా ఉంచు. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. దేనికైనా ఆర్డరు పెట్టడం ఆ తర్వాత.

మెరుపు, మోత, రేటు అన్నీ తర్వాత మాట్లాడదాం. సైలెన్సర్ అనేది మొట్టమొదట విషవాయువుని మనుషులకి దూరంగా తీసుకెళ్ళి వదిలే గొట్టం. మీ కారుకి పొగలో విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను తిరుగుతున్నప్పుడు, వచ్చే పొగలో నూటికి మూడు పాళ్ళో అంతకంటే ఎక్కువో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగతగా మొదలవుతుంది, ప్రయాణం బడలిక అనుకుంటాం. టాపు తీసి ఉంటే గాలి కొట్టుకుపోతుంది కదా అంటావు. ఇంగ్లండ్ వానలో టాపు ఎన్నిసార్లు వేసుకుంటావో నీకే తెలుసు. టాపు వేసి పక్క అద్దం కాస్త దించితే లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది. కారు వెనక సుడి తిరిగే పొగని డిక్కీ సందుల్లోంచి, నేల రేకు రంధ్రాల్లోంచి లోపలికి లాక్కుంటుంది. అందుకే తోక గొట్టం వెనక బంపర్ దాటి బయటికి ఉండాలి. అందం కోసం లోపలికి కోయించకు. డిక్కీ రబ్బరు బీడింగ్, గేర్‌బాక్స్ టన్నెల్ (సీట్ల మధ్య ఎత్తుగా ఉండే రేకు) మీది రబ్బరు మూతలు, ఇంజను వైపు నుంచి వైర్లు వచ్చే రంధ్రాల గ్రోమెట్లు (రబ్బరు చుట్లు) ముందు సరిచెయ్యి. వాటికి అయ్యేది చిల్లర ఖర్చే.

ఇంకో మాట. పెద్ద మార్పులు చెయ్యని నలభై ఏళ్ళు దాటిన బళ్ళకి 2018 మే నుంచి ఇక్కడ ఎంఓటీ పరీక్ష (ఏటేటా చేసే బండి భద్రత తనిఖీ) తప్పనిసరి కాదు. దాంతో ఏడాదికోసారి కింద దూరి చూసే ఇన్‌స్పెక్టర్ లేకుండా పోయాడు. ఇప్పుడా ఇన్‌స్పెక్టరువి నువ్వే. నన్నడిగితే, డబ్బు కట్టి మరీ ఎంఓటీ చేయించుకో.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి దూరొద్దు, స్టాండ్లు వెయ్యి. సీట్ల వెనకున్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల కనెక్షన్ తీసెయ్యి. పాత నట్లకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టు. పాత గొట్టం కొయ్యడానికి హాక్సా చాలు, గ్రైండర్ వద్దు, కింద పెట్రోలు గొట్టం ఉంది. కళ్ళద్దాలు పెట్టుకో. పెట్టుకోవని తెలిసే రాస్తున్నాను.

కొనేముందు నీ కారేమిటో సరిగ్గా తెలుసుకో. 1972 అంటే క్రోమ్ బంపర్ మోడల్. 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చి బండి ఎత్తు పెరిగింది. ఏడాదితోపాటు బంపర్ రకం కూడా అమ్మేవాడికి చెప్పు. ఎంజీసీ వేరే బండి, ఆరు సిలిండర్లది, కేటలాగ్‌లో ఎంజీబీ పక్కనే కనిపిస్తుంది. పుస్తకంలో ఏమున్నా బానెట్ ఎత్తి నీ కళ్ళతో చూడు. ఇక్కడ తిరిగే ఎంజీబీల్లో అమెరికా నుంచి వెనక్కి తెచ్చినవి చాలా ఉన్నాయి. 1975 నుంచి అక్కడికి వెళ్ళిన బళ్ళకి రెండు ఎస్‌యూ కార్బురేటర్ల (గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకి పంపేవి) బదులు ఒకటే జెనిత్ స్ట్రాంబెర్గ్ రకం కార్బురేటర్, మానిఫోల్డ్ (ఇంజను నుంచి పొగని గొట్టంలోకి దింపే భాగం) కూడా వేరు. నీది పాతదే అయినా యాభై ఏళ్ళలో ఇంజను ఎన్ని చేతులు మారిందో, ఏ మానిఫోల్డ్ తెచ్చి పెట్టారో ఎవరికి తెలుసు? పోత ఇనుము మానిఫోల్డ్, దానికి కిందకి రెండు మూతులు, ఆ రెంటి నుంచి దిగి ఒకటిగా కలిసే గొట్టం కనిపిస్తే నీది మామూలు రకమే.

ఇక స్టీలు సంగతి. 'స్టెయిన్‌లెస్' అని రాసినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 409 రకంలో క్రోమియం నూటికి పదకొండు పాళ్ళు, నికెల్ దాదాపు ఉండదు. చవక, గట్టిది, కానీ పైన గోధుమరంగు తుప్పు పడుతుంది. 304లో క్రోమియం 18, నికెల్ 8. రోడ్ల మీద ఉప్పు చల్లే ఈ దేశానికి ఇది కావాలి. 316లో మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకి ఇంకా బాగా ఆగుతుంది కానీ ఎండల్లో తిరిగే బండికి అంత ఖర్చు దండగ. మీ అమ్మ గిన్నెల కొట్లో చేసినట్టే, చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళు. 409కి ఠక్కున అతుక్కుంటుంది, 304కి అతుక్కోదు. వంపుల దగ్గర మాత్రం కాస్త లాగినట్టుంటుంది, లోహాన్ని వంచినప్పుడు అలా అవుతుంది, దానికి భయపడకు. అయస్కాంతం సైలెన్సర్ డబ్బా రేకు మీద, లోపలి చిల్లుల గొట్టం మీద, గొట్టాన్ని వేలాడదీసే హ్యాంగర్ పట్టీల మీద కూడా పెట్టి చూడు. బయట 304 వేసి లోపల నాసిరకం పెట్టేవాళ్ళు ఉన్నారు, సైలెన్సర్ కుళ్ళేది లోపల్నుంచే. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్ళు పుడతాయి. దగ్గర ప్రయాణాల్లో ఆ నీళ్ళు ఆవిరై పోక వెనక డబ్బాలోనే నిలిచిపోతాయి. ఒకప్పుడు ఈ దేశంలో మామూలు ఇనుప డబ్బాలు రెండు మూడు చలికాలాలకే చిల్లులు పడేవి. ఊరూరా సైలెన్సర్ కొట్లుండేవి, టీ తాగేలోపు మార్చేసేవాళ్ళు. ఇప్పుడు జీవితకాలం గ్యారంటీ అంటున్నారు. ఆ జీవితం ఎవరిదో కాగితంలో చదువు. చాలాసార్లు అది మొదట కొన్నవాళ్ళకే, బిల్లు చూపిస్తేనే. వెల్డింగ్ పగుళ్ళకి వర్తిస్తుందా అని ప్రత్యేకంగా అడుగు. ఎందుకో కింద చెప్తాను.

మోత గురించి నీకూ నాకూ పోట్లాట తప్పదు. కుర్రతనం, గట్టిగా మోగాలనుంటుంది. రెండు రకాల డబ్బాలుంటాయి. ఒకదాంట్లో చిల్లుల గొట్టం తిన్నగా పోతుంది, చుట్టూ పీచు కూరుతారు. రెండోదాంట్లో అడ్డరేకులు పొగని తిప్పితిప్పి పంపుతాయి. పీచు రకం మొదట హాయిగా గురగురలాడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పీచు కాలి కొట్టుకుపోయి రేకు డప్పులా మోగుతుంది. నీ ఇంజను ఓవర్‌డ్రైవ్‌లో (ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) గంటకి డెబ్భై మైళ్ళ వేగం దగ్గర నిమిషానికి మూడు వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి వంద పేలుళ్ళు. సరిగ్గా ఆ బరువైన హోరే మోటార్‌వే మీద గంటల తరబడి చెవిలో కూర్చుంటుంది. పార్కింగ్‌లో ఆక్సిలరేటర్ నొక్కి విని మురిసిపోతే ఈ సంగతి తెలియదు. ముందు, వెనక రెండు డబ్బాలూ ఉన్నది తీసుకో. ముందు డబ్బా తీసేసి తిన్నటి గొట్టం పెట్టినది వద్దు. రెండు అంగుళాల వెడల్పు గొట్టాలు, బలం పెంచడానికి లోపలి క్యామ్, హెడ్ భాగాలు మార్చిన ఇంజన్లకి. నీ 1798 సీసీ మామూలు ఇంజనుకి వాటివల్ల వచ్చేది చప్పుడే.

మానిఫోల్డ్ ముట్టుకోకు. మెలికల గొట్టాల మానిఫోల్డ్ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది కానీ ఎంజీబీ పోత ఇనుము మానిఫోల్డ్ దానంతటదే మంచి డిజైను. చప్పుడు మింగుతుంది, వంగదు, జాయింటు దగ్గర ఊదదు. దాని కింద ఆరు ఇత్తడి నట్లుంటాయి. పాతవి మళ్ళీ వాడకు, కొత్త ఇత్తడివే తెచ్చుకో. నట్లు ఎక్కే స్టడ్‌లు (మరల కడ్డీలు) సన్నబడి ఉంటే అవీ మార్చు. స్టీలు బోల్టుకి స్టీలు నట్టు ఎక్కడ పెట్టినా రాగి గ్రీజు పుయ్యి. లేకపోతే మర మరకి అంటుకుపోతుంది. తిప్పితే విరగడమే కానీ ఊడడం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. స్టీలు సైలెన్సర్లు బిగించే చోటల్లా ముప్పై నలభై ఏళ్ళుగా జరుగుతున్న తప్పు ఒకటుంది. జనం స్టీలుకి డబ్బు పోస్తారు, వేలాడదీసే రబ్బర్లని పట్టించుకోరు.

ఇది ఎలా జరుగుతుందో వరసగా చెప్తాను. వెనక హ్యాంగర్ రబ్బరు తెగుతుంది. కొత్తగా వచ్చే రబ్బర్లలో నాసివి చాలా, కొన్ని ఒక్క వేసవికే చీలిపోతాయి. విసుగొచ్చి ఎవరో రబ్బరు బదులు ఇనుప పట్టీ వేసి బిగించేస్తారు. గొట్టం కదలకుండా గట్టిగా నిలబడుతుంది, చేత్తో ఊపి భేష్ అనుకుంటారు. కొన్ని నెలలకి ముందు బ్రాకెట్ వెనక వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు. వెల్డింగ్ చేయిస్తారు. మళ్ళీ దాని పక్కనే పగులుతుంది. స్టీలు మంచిది కాదని అమ్మినవాణ్ణి తిడతారు. వాడు కొత్త గొట్టం పంపుతాడు, అదీ అక్కడే పగులుతుంది. వెనక పట్టీ వైపు ఎవరూ చూడరు.

కారణం విను. గొట్టం ముందు కొస ఇంజనుకీ, గేర్‌బాక్స్ దగ్గర బ్రాకెట్‌కీ కట్టి ఉంటుంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఆక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా అది పక్కకి ఒరిగి లేస్తుంది, దాంతోపాటే గొట్టం. వెనక కొస బాడీకి కట్టేస్తే ఆ మెలి అంతా మధ్యలో ఏదో ఒక చోట పడాలి. పైగా వేడి. మూడు మీటర్ల గొట్టం సగటున 200 డిగ్రీలు వేడెక్కిందనుకో, మామూలు ఇనుము 7 మిల్లీమీటర్లు సాగితే 304 స్టీలు 10 మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. అంటే పాత ఇనుప గొట్టం భరించిన బిగింపుని స్టీలు గొట్టం భరించలేదు. వంగి వంగి 304 ఆ చోటే గట్టిపడి పెళుసవుతుంది, వెల్డింగ్ అంచు దగ్గర చీలుతుంది. ఆ చీలిక ఎక్కడుంటుందో తెలుసా? సరిగ్గా మీ అమ్మ కాళ్ళ కింద. తోక దగ్గర లీకయితే గాలికి పోతుందేమో గానీ, టన్నెల్ కింద లీకయితే నేల రేకు సందుల్లోంచి లోపలికే వస్తుంది. అందుకే ఇంత సేపు దీని మీదే నస పెడుతున్నాను.

కాబట్టి గొట్టం ఇంజనుతో ఊగాలి, బాడీ నుంచి రబ్బరుతోనే వేలాడాలి. హ్యాంగర్లన్నీ కొత్తవి కొను, రెండు అదనంగా డిక్కీలో పెట్టుకో. ఇంజను మౌంటింగులు కుంగి ఉంటే సైలెన్సర్ కంటే ముందు అవి మార్చు. ఎలాగూ కింద దూరావు కాబట్టి ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఉందో లేదో చూడు. అది లేకపోతే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండా తిరిగొచ్చి దాన్ని కాల్చేస్తుంది. సైలెన్సర్‌కి సంబంధం లేదు, గుర్తొచ్చింది కాబట్టి చెప్పాను.

బిగించేటప్పుడు స్టాండ్లు వెనక ఇరుసు కింద పెట్టు. ఇరుసు వేలాడుతుండగా గొట్టం సర్దితే, చక్రాల మీద దించాక ఎక్కడో తగులుతుంది. మానిఫోల్డ్ దగ్గర కొత్త గాస్కెట్లు పెట్టి నట్లు చేత్తో తిప్పినంతవరకే బిగించు. తర్వాత గేర్‌బాక్స్ బ్రాకెట్, తర్వాత డబ్బాలు, తోక. అన్నీ వదులుగానే. ఒక గొట్టంలోకి ఇంకోటి కనీసం అంగుళంన్నర దూరాలి. చుట్టూ ఎక్కడ చూసినా రెండు వేళ్ళు పట్టేంత సందుండాలి. ఇరుసు పైకి లేచినప్పుడు దగ్గరయ్యే చోట ఇంకా ఎక్కువ కావాలి. హ్యాంగర్ రబ్బర్లు నిటారుగా వేలాడుతున్నాయా, పక్కకి లాగుతున్నాయా చూడు. పక్కకి లాగితే గొట్టం తిప్పి సర్దు, రబ్బరుని సర్దడం కాదు. అప్పుడు ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రా. యూ బోల్టు క్లాంపులు గొట్టాన్ని నొక్కేస్తాయి, మళ్ళీ ఊడదీయడం గండం. వెడల్పాటి బ్యాండ్ క్లాంపులు కొను.

ఇంజను మొదటిసారి ఆన్ చేసే ముందు గొట్టమంతా థిన్నర్ గుడ్డతో తుడిచి చేతి ముద్రలు పోగొట్టు. లేకపోతే నీ వేలిముద్రలు స్టీలు మీద శాశ్వతంగా కాలిపోతాయి. బంగారు రంగుకి తిరగడం మామూలే. ఇనుప బ్రష్‌తో రుద్దకు, ఆ ఇనుము రజనే తర్వాత తుప్పుగా కనిపిస్తుంది. ఐడిల్‌లో ఉండగా మందపాటి గుడ్డ మడిచి, చేతికి గ్లౌవ్ వేసుకుని తోక గొట్టం ఒక్క క్షణం మూయి. ఇంకొకరు జాయింట్ల దగ్గర చెవి పెట్టి వినాలి. బాగుంటే ఇంజను గింజుకుని ఆగబోతుంది, లీకుంటే బుస్సుమంటుంది. ఇదంతా ఆరుబయట, షెడ్డు లోపల ససేమిరా వద్దు. ఇరవై నిమిషాలు తిప్పి, పూర్తిగా చల్లారాక నట్లు మళ్ళీ బిగించు, వంద మైళ్ళకి ఇంకోసారి. పాత గొట్టం చిల్లులతో ఉన్నప్పుడు ఎవరో ఎస్‌యూ కార్బురేటర్లలో గాలి, పెట్రోలు మిశ్రమం దానికి తగ్గట్టు తిప్పి ఉంటారు. ప్లగ్గులు తీసి రంగు చూడు. నల్లగా మసిబారి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందన్నమాట.

అన్నీ నిక్షేపంగా ఉన్నా సీటు వెనక ఒక చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకో. నవ్వు, పరవాలేదు, పెట్టుకో మాత్రం.

మానిఫోల్డ్, గేర్‌బాక్స్ బ్రాకెట్, వెనక హ్యాంగర్ ఈ మూడింటి ఫొటోలు ఆర్డరు పెట్టకముందే నాకు పంపు. ఆదివారం బర్మింగ్‌హామ్ నుంచి వస్తాను, జాయింట్ల దగ్గర చెవి పెట్టే పని నాది. పెద్దమ్మ గోంగూర పంపుతానంటోంది, ఫ్రిజ్‌లో చోటుంచు.

ఆశీస్సులతో,
పెదనాన్న